పాలస్తీనా పెళ్లి థోబ్: ఊరి గుర్తు దేశానికి గుర్తు ఎలా అయింది?

2019 జనవరి 3న పాలస్తీనా మూలాలున్న రషీదా త్లైబ్ అమెరికా ప్రతినిధుల సభ సభ్యురాలిగా ప్రమాణం చేసినప్పుడు ఆమె వేసుకున్న పొడుగు గౌను గురించి లోకమంతా మాట్లాడుకుంది. పాలస్తీనా పల్లెల పద్ధతిలో చేతికుట్టుతో నింపిన ఆ గౌను పేరు థోబ్. 'ట్వీట్ యువర్ థోబ్' అనే హ్యాష్‌ట్యాగ్‌తో ఎన్నో దేశాల్లోని పాలస్తీనా మహిళలు తమ థోబ్ ఫొటోలు పెట్టారు. 2021 డిసెంబరులో యునెస్కో పాలస్తీనా కుట్టుకళను అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అదే నెలలో మిస్ యూనివర్స్ పోటీ ఇజ్రాయెల్‌లోని ఐలాత్‌లో జరిగింది. పోటీకి ముందు అందగత్తెలు రహత్ అనే బెదూయిన్ (ఎడారి అరబ్ తెగల) పట్టణానికి వెళ్లి, కుట్టుపని గౌన్లు తొడుక్కుని ఫొటోలు దిగారు. పాలస్తీనీయుల బట్టను ఇజ్రాయెల్ పర్యాటక ప్రచారానికి వాడుకున్నారంటూ దుమారం లేచింది. గాజా యుద్ధం మొదలయ్యాక నిరసన ప్రదర్శనల్లోనూ, పెళ్లి ఫొటోల్లోనూ ఈ గౌన్లు ఇంకా ఎక్కువగా కనిపిస్తున్నాయి.

వాటితోపాటు కొన్ని మాటలూ చక్కర్లు కొడుతున్నాయి. ప్రతి ఊరికీ ఒక నమూనా ఉంటుందని, గౌను చూడగానే ఊరి పేరు చెప్పేయవచ్చని ఒక మాట. ఇది వేల ఏళ్ల కిందట ఆ నేలమీద బతికిన కనానీయుల కాలం నుంచి చెక్కుచెదరని కళ అని ఇంకొకటి. అసలిదంతా ఈమధ్య పుట్టిన రాజకీయ చిహ్నం మాత్రమేనని ఎదుటివారి మాట. ఈ మూడింటిలోనూ కొంత నిజం ఉంది. ఎంత ఉందో తేల్చుకోవాలంటే పెళ్లి గౌను దగ్గరే మొదలుపెట్టాలి. ఒక ఇల్లాలి పనితనం, ఇంటి డబ్బు, ఊరి పరువు మూడూ కలిసి కనిపించేది ఆ గౌనులోనే.

ముందుగా కొన్ని పదాలు, ఎవరు కట్టేవారన్న సంగతి

థోబ్ అంటే అరబ్బీలో బట్ట, వస్త్రం. గల్ఫ్ దేశాల్లో మగవారు వేసుకునే తెల్లని పొడుగు చొక్కానూ థోబ్ అనే అంటారు కాబట్టి మనవాళ్లలో చాలామందికి ఆ మాట వినగానే అదే గుర్తొస్తుంది. పాలస్తీనా సందర్భంలో అది స్త్రీల వదులైన పొడుగు గౌను. దానిమీద చేసే కుట్టుపనిని తత్రీజ్ అంటారు. పెళ్లికీ పండుగలకీ వేసుకునే, కుట్టు దట్టంగా నిండిన గౌనును చాలా పల్లెల్లో జిల్లాయె అనేవారు. ఉత్తరాన గలిలయ వైపు జిల్లాయె ముందు భాగం తెరిచి ఉండే పొట్టి చేతుల కోటులా ఉండేది. దక్షిణాన, తీరప్రాంతంలో గౌనులా ఉండేది.

ఈ బట్ట పల్లె ఆడవారిది, బెదూయిన్ స్త్రీలది. జెరూసలేం, యాఫా, నాబ్లుస్ వంటి పట్టణాల్లోని ఉన్నవారి ఇళ్లలో ఆడవారు మొదట తుర్కీ ఫ్యాషన్లు, తర్వాత యూరప్ ఫ్యాషన్లు అనుసరించారు. పొలం పని చేసే రైతు స్త్రీ గౌను వారి కంటికి నాటుగా కనిపించేది. ఈ రోజు రాయబార కార్యాలయాల విందుల్లో థోబ్ వేసుకుని తిరిగే కుటుంబాల్లో కొన్నింటి ముత్తవ్వలు దాన్ని ముట్టుకుని ఉండరు.

పల్లెలన్నీ కుట్టేవి కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. నాబ్లుస్, జెనీన్ చుట్టుపక్కల పల్లెల్లో కుట్టుపని చాలా తక్కువ. అక్కడ ఆడవారికి పొలం పని ఎక్కువ కాబట్టి సూది పట్టుకునే తీరిక దొరికేది కాదని వివరణ. పని లేనితనమే కుట్టు నేర్పుతుందనే అర్థం వచ్చే సామెత కూడా ఉత్తరాన వాడుకలో ఉండేది. కుట్టు దట్టంగా ఉన్న ఊళ్లు చాలావరకు రమల్లా కొండల నుంచి దక్షిణంగా హెబ్రాన్, గాజా వరకు, పడమరన యాఫా మైదానం వరకు పరుచుకుని ఉన్నాయి.

ఒక జిల్లాయెను విప్పి చూస్తే

ఉదాహరణకు బైత్ దజన్ ఊరి జిల్లాయెను తీసుకుందాం. యాఫాకు దగ్గర్లో, నారింజ తోటల మధ్య ఉన్న ఊరది. తోటల డబ్బుతో బాగా బతికింది. 1920ల నాటి ఇక్కడి పెళ్లి గౌన్లు ప్రపంచంలోని పెద్ద సేకరణల్లో ఉన్నాయి.

బట్ట లినెన్. తెల్లగా అయినా ఉంటుంది, నీలిమందులో ముంచి నల్లనికి దగ్గరగా తెచ్చిన ముదురు నీలమైనా ఉంటుంది. కత్తిరింపు చాలా సాదా. ముందూ వెనుకా రెండు పొడుగు ముక్కలు, వాటి పక్కల కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యే త్రికోణపు ముక్కలు, చేతులకు ముక్కలు ఉంటాయి. నడుముకు నొక్కులు, ఒంటికి అతికే మలుపులు ఉండవు. నేతలో వచ్చిన గుడ్డ వెడల్పును వృథా చేయకుండా వాడుకునే పద్ధతి అది. ఎదమీద ఒక చదరపు ముక్కను విడిగా కుట్టి అతికిస్తారు. దాని పేరు ఖబ్బె. వెనుక కింది భాగంలో నడకతోపాటు ఊగుతూ కనిపించే పట్టీకి షిన్యార్ అని పేరు. పాత జిల్లాయెలలో పావడా ముందు భాగం చీలి ఉండేది. ఆ చీలిక అంచుల్లో ఎరుపు, ఆకుపచ్చ, పసుపు పట్టు ముక్కలు అతికేవారు. లోపల షరాయి వేసుకునేవారు. కాలం గడిచేకొద్దీ ఆ చీలికను మూసి కుట్టేశారు.

ముక్కలన్నీ కుట్టుపని అయ్యాకే కలుపుతారు. దీనివల్ల రెండు లాభాలు. ఒడిలో పట్టే ముక్క మీద పని చేసుకోవచ్చు, ఇరుగుపొరుగు ఇంటి అరుగుమీదికి పట్టుకుపోవచ్చు. గౌను చిరిగిపోయాక ఖబ్బెను విప్పి కొత్త గౌనుకు అతికించుకోవచ్చు. అందుకే ఒక గౌనులో ఎద ముక్క ఒక కాలానిది, పావడా ఇంకో కాలానిది కావడం మామూలే. ఈ సంగతి ముందు ముందు మనకు పనికొస్తుంది.

కుట్టు విషయానికొస్తే, పల్లెల ప్రధానమైన కుట్టు క్రాస్ స్టిచ్. స్థానికంగా ఫల్లాహీ కుట్టు, అంటే రైతుల కుట్టు అని అంటారు. గుడ్డలో నిలువు పోగులు, అడ్డ పోగులు లెక్కపెట్టి ఇంటూ గుర్తులా చిన్న చిన్న కుట్లు వేసుకుంటూ పోవాలి. గుడ్డమీద గీత గీసుకోవడం ఉండదు. నమూనా అంతా తలలోనో, పక్కనున్న అత్తో పిన్నో వేసుకున్న గౌనుమీదో ఉంటుంది. పోగుల లెక్క తప్పితే వరస మొత్తం పక్కకు జరిగిపోతుంది. ఈ కుట్టులో గుండ్రని గీత రాదు. అందుకే నిటారుగా పెరిగే సైప్రస్ అనే చెట్టు కూడా మెట్లుమెట్లుగా పైకి సన్నబడుతుంది. చంద్రుడు ఎనిమిది మూలల వాడవుతాడు. పల్లె నమూనాలన్నీ కోణాలుగా ఉండటానికి కారణం చాలావరకు ఈ లెక్కే. దానికి గూఢార్థాలు వెతికేవారు ముందు సూదిని చూడాలి. పనిమంతురాలిని తూచడానికి గౌను తిరగేసి వెనుక వైపు చూసేవారు. ముడులు కనపడకుండా, దారం అడ్డదిడ్డంగా పరుగెత్తకుండా ఉంటే ఆమెకు పేరొచ్చేది.

పెళ్లి లెక్కలో గౌను స్థానం

ఆడపిల్ల చిన్నతనంలోనే తల్లి దగ్గరో నాయనమ్మ దగ్గరో కుట్టు నేర్చుకునేది. పెళ్లీడు వచ్చేసరికి తన పెట్టెకు కావలసిన గౌన్లు, ముసుగులు, దిండు గలీబులు తయారు చేసుకోవాలి. అయితే పెళ్లి బట్టలన్నీ ఆమె పుట్టింటి ఖర్చు అనుకోకూడదు. మెహర్ అనే పెళ్లి సొమ్మును మగపెళ్లివారు ఇస్తారు. దానికితోడు కిస్వె అనే పద్దు కింద పెళ్లికూతురికీ, ఆమె దగ్గరి బంధువులకూ గుడ్డలు కొనేదీ వారే. బెత్లెహేమ్ పక్కన అర్తాస్ అనే పల్లెలో 1925 నుంచి ఉండి పెళ్లి ఆచారాలను రాసిపెట్టిన ఫిన్లాండ్ పరిశోధకురాలు హిల్మా గ్రాన్‌క్విస్ట్ రాతల్లో ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు, బేరాలు, అలకలు వివరంగా ఉన్నాయి.

డబ్బు మరింత బాహాటంగా కనిపించేది తలమీద. రమల్లాలో స్మాదె అనే తలపాగాకు వెండి నాణేలను గుర్రపునాడా ఆకారంలో వరసగా నిలబెట్టేవారు. బెత్లెహేమ్‌లో పెళ్లయిన స్త్రీ షత్వె అనే ఎత్తయిన గట్టి టోపీ పెట్టుకుని దానిమీద తెల్ల ముసుగు వేసుకునేది. టోపీ ముందు భాగమంతా నాణేలు, పగడాలు. హెబ్రాన్ కొండల్లో నాణేలతో బరువెక్కిన టోపీకి డబ్బుల టోపీ అనే పేరు. ఈ నాణేలు ఆమె సొంతం. ఇంట్లో కరవొచ్చినా, జబ్బు చేసినా ఒకటో రెండో విప్పి అమ్ముకునేది. నాణేలు ఊడిన పాత టోపీ కనిపిస్తే అది పాడైపోయిన వస్తువని తీసిపారేయకూడదు. కొన్నిసార్లు అది ఒక సంసారం ఖర్చుల చిట్టా.

గోరింటాకు రాత్రి, ముసుగు వేసి ఒంటెమీదో గుర్రంమీదో పెళ్లికూతురిని అత్తింటికి తీసుకెళ్లే ఊరేగింపు, ఆ తర్వాత జల్వె. జల్వె అంటే పెళ్లికూతురు తన బట్టలను వరసగా చూపించే తంతు. దక్షిణాది పల్లెల్లో ఆమె గౌను తరవాత గౌను మార్చుకుంటూ, చేతిలో కత్తో కొవ్వొత్తులో పట్టుకుని మెల్లగా తిరిగేది. చుట్టూ కూర్చున్న ఆడవారు కుట్టును పరీక్షగా చూసేవారు. ఎవరి దగ్గర నేర్చుకుంది, కొత్తగా ఏం కలిపింది, ఏది నాసిగా వచ్చింది అన్నీ అక్కడే తేలిపోయేవి. ఊళ్లో కొత్త నమూనా పాకేది కూడా ఇలాంటి చోటనుంచే.

దక్షిణాన నెగెవ్ ఎడారి బెదూయిన్లలో రంగుకు సూటిగా ఒక అర్థం ఉండేది. పెళ్లయిన స్త్రీ గౌనులో ఎరుపు ఎక్కువ. పెళ్లికాని పిల్లకూ, భర్త పోయిన స్త్రీకీ నీలం. మళ్లీ పెళ్లికి సిద్ధమైన వితంతువు నీలంలో కొంచెం ఎరుపు కలుపుకునేది.

బెత్లెహేమ్ గౌను ఊరు దాటిన కథ

పాలస్తీనా పెళ్లి గౌన్లలో అన్నిటికంటే ఖరీదైనది, అందరూ కోరుకున్నది బెత్లెహేమ్ గౌను. దాని పేరే మలక్, అంటే రాచది. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు చారలున్న పట్టు, లినెన్ కలనేత గుడ్డ. రెక్కల్లా వేలాడే పొడుగు చేతులు. దానిమీద తఖ్సీరె అనే పొట్టి ముఖమల్ చొక్కా. ఇక్కడి కుట్టు పల్లె కుట్టు కాదు. మన దగ్గర పెళ్లి జాకెట్లకు చేయించే మగ్గం వర్కులో జరీ తీగను గుడ్డమీద పరిచి సన్నని దారంతో అదిమి కుట్టినట్టే, ఇక్కడా బంగారు, వెండి, పట్టు తాళ్లను వంపులు తిప్పుతూ పరిచి కుట్టేస్తారు. పోగుల లెక్కతో పని లేదు కాబట్టి తీగలు, పూలు, గుండ్రాలు స్వేచ్ఛగా వస్తాయి. క్రైస్తవ పూజారుల ఉడుపులు, తుర్కీ సైనికాధికారుల కోట్లమీది జరీపనీ దీనికి ప్రేరణ అయి ఉంటాయని పరిశోధకుల ఊహ.

బెత్లెహేమ్ యాత్రికులు వచ్చే ఊరు. ముత్యపు చిప్పల చెక్కుడు పనులతో అక్కడి వర్తకులు అమెరికా ఖండం దాకా వెళ్లి డబ్బు తెచ్చారు. అక్కడి ఆడవారు తమ కోసమే కాకుండా అమ్మకానికి కుట్టడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల పల్లెల పెళ్లికూతుళ్లు బెత్లెహేమ్ ఎద ముక్కను కొనుక్కుని తమ ఊరి గౌనుకు అతికించుకునేవారు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో మానె హజ్బూన్ అనే బెత్లెహేమ్ స్త్రీ ఈ పనిని పెద్ద వ్యాపారంగా నడిపింది. ఆమె బైత్ దజన్‌కు వెళ్లి స్థిరపడ్డాక, ఆ ఊరి గౌన్లమీద కూడా తాడు పరిచే కుట్టు కనిపించసాగింది.

కాబట్టి 1930 ప్రాంతంలో బైత్ దజన్ పెళ్లికూతురు ఒంటిమీద సొంత ఊరి సైప్రస్ చెట్లు, బెత్లెహేమ్ పద్ధతి ఎద ముక్క, సిరియా నుంచి వచ్చిన పట్టు దారం ఒకేసారి ఉన్నాయనుకోండి. ఆ గౌను ఏ ఊరిది? ఆమెను అడిగితే తన ఊరిదనే చెప్పేది. ఖరీదైన ఎద ముక్క ఉన్నందుకు నాలుగు మాటలు గర్వంగానూ చెప్పేది.

చూసి ఊరు చెప్పగలమా?

ఒక పాత గౌను చేతికిస్తే అనుభవమున్నవారు ముందు గుడ్డ చూస్తారు, తర్వాత కత్తిరింపు, ఆ తర్వాతే కుట్టు. తెల్లని లినెన్ మీద ద్రాక్షసారా ఎరుపు పట్టు, దానిమీద పొడవైన ఈత మట్టలు ఉంటే రమల్లా వైపు అనుకోవచ్చు. రమల్లాలోనే చలికాలానికి నల్ల గుడ్డ వాడేవారు. నీలం గుడ్డ అంచుల్లో ఎరుపు, ఆకుపచ్చ పట్టు చారలు నిలువుగా ఉంటే అది గాజాకు ఉత్తరాన ఉన్న మజ్దల్ అనే నేతగాళ్ల ఊరి నేత, గాజా ప్రాంతపు గౌను. ఆ చారల జత పేరు 'జన్నా వ నార్', స్వర్గమూ నరకాగ్నీ అని. చారల పట్టు గుడ్డమీద బంగారు తాడు తిరిగితే బెత్లెహేమ్. ముదురు నీలంమీద ఇటుక ఎరుపు కుట్టు ఖాళీ లేకుండా నిండితే హెబ్రాన్ కొండలు. కోటులా తెరిచి ఉండి రంగురంగుల పట్టు అతుకులుంటే గలిలయ.

1930కి ముందరి గౌన్లలో ప్రాంతం చెప్పడం చాలాసార్లు సాధ్యమే. ఊరి పేరు దాకా వెళ్లడం కొన్నిసార్లే కుదురుతుంది. ఎందుకంటే పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లిన పిల్ల తన పుట్టింటి కుట్టును వెంట తీసుకెళ్లేది, అత్తింటి కుట్టు నేర్చుకునేది. కొన్న ముక్కలు, తిరిగి అతికిన ముక్కలు ఉండనే ఉన్నాయి. ఊరి గుర్తు అన్నమాట అబద్ధం కాదు కానీ, గుర్తింపు కార్డులా చూపిస్తే చెల్లేది కాదు.

నమూనాల అర్థాల విషయం ఇంతకంటే చిక్కు. 'పాషా గుడారం', 'ముసలివాడి పళ్లు', 'బ్రహ్మచారి దిండు' అంటూ పల్లె ఆడవారు పెట్టిన పేర్లు నమోదై ఉన్నాయి. వాటిలో చిలిపితనం ఉంది, ఎగతాళి ఉంది. ఒకే ఆకారానికి ఒక ఊళ్లో ఒక పేరు, పక్క ఊళ్లో ఇంకో పేరు. ఈ చెట్టు ఓర్పుకు, ఆ నక్షత్రం ఆశకు అంటూ ఇప్పుడు నిఘంటువులా అచ్చువేసే పట్టికలు చాలావరకు తర్వాతి కాలం తయారీ. ఒక్క త్రికోణపు తాయెత్తు గుర్తు సంగతి వేరు. దాన్ని కుట్టినవారే హిజాబ్, అంటే రక్ష అని పిలిచారు. దిష్టి తగలకుండా తాయెత్తులు కట్టుకోవడం ఆ పల్లెల్లో నిత్యవ్యవహారం. జెరూసలేం వైద్యుడు తౌఫీక్ కనాన్ తన రోగుల నుంచీ చుట్టుపక్కల వారి నుంచీ సేకరించిన దాదాపు 1,400 తాయెత్తులు నేటికీ బీర్‌జైట్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

ఫ్రాన్స్ దారం, కొత్త గులాబీలు

1930ల నాటికి డీఎంసీ అనే ఫ్రెంచి కంపెనీ నూలు దారం పల్లె బజార్లకు చేరింది. మెరుపు ఉంటుంది, రంగు పోదు, సిరియా పట్టు కంటే చౌక. దానితోపాటు నమూనాల చిన్న పుస్తకాలూ వచ్చాయి. వాటిలో గులాబీ గుత్తులు, జంట పక్షులు, తీగలు. గళ్ల కాగితంమీద గీసి ఉండటంతో పోగులు లెక్కపెట్టే చేతికి అవి సులువుగా అబ్బాయి. కొన్నేళ్లలోనే పాత కోణాల మధ్య యూరప్ పక్షులు వచ్చి వాలాయి.

దీనిమీద రెండు వాదాలున్నాయి. పాత సేకర్తలు చాలామంది ఇక్కడితో అసలు కళకు చెడు మొదలైందని బాధపడతారు. ఊరికో తీరు పోయి అన్నిచోట్లా ఒకే గులాబీ వచ్చిందంటారు. ఇంకొందరు పరిశోధకులు ఈ మాట ఒప్పుకోరు. పల్లె ఆడవారికి కూడా ఫ్యాషన్ అనేది ఉంటుందని, వాళ్లు కొత్తదాన్ని చూసి మోజుపడి, తమ చేతికి అనువుగా మార్చుకున్నారని వారి వాదన. రెండో వాదనే నాకు సబబుగా తోస్తుంది. సిరియా పట్టు బయటిదే, కృత్రిమ రంగులు బయటివే, బెత్లెహేమ్ జరీ కూడా పల్లెలకు బయటిదే. గులాబీ దగ్గర మాత్రమే గీత గీయడానికి కారణం కనబడదు. 'పురాతన పాలస్తీనా నమూనా' పేరుతో ఇంటర్నెట్‌లో తిరిగే జంట పక్షులు ఇలాంటి దారపు కంపెనీ పుస్తకంలోంచి ఎగిరొచ్చి ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

1948: గౌను పెట్టెలోంచి బజారుకు

1948 యుద్ధంలో 7 లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇల్లూ ఊరూ వదలవలసి వచ్చింది. 400కు మించిన పల్లెలు ఖాళీ అయ్యాయి. బైత్ దజన్ ఆ ఏడాది ఏప్రిల్‌లో ఖాళీ అయింది. మజ్దల్ నేతగాళ్లు గాజాకు చేరి అక్కడ మళ్లీ మగ్గాలు పెట్టుకున్నారు. పాలస్తీనీయులు ఈ ఉత్పాతాన్నంతా నక్బా అంటారు.

పెళ్లి గౌన్ల గతి ఆ తర్వాత మూడు దారుల్లో పోయింది. మొదటిది అమ్మకం. శిబిరాల్లో తిండికి డబ్బు లేనప్పుడు తలమీది నాణేలు ముందు వెళ్లాయి, తర్వాత పెట్టెలోని జిల్లాయెలు వెళ్లాయి. జెరూసలేం, అమ్మాన్ వ్యాపారుల చేతుల మీదుగా అవి విదేశాల సేకరణల్లోకి చేరాయి. చాలావాటికి కుట్టినామె పేరు లేదు.

రెండోది కలయిక. వేర్వేరు ఊళ్ల ఆడవారు ఒకే శిబిరంలో పక్కపక్క గుడారాల్లో ఉండేసరికి కుట్టు కూడా కలిసిపోయింది. చేతితో నేసిన లినెన్ లేదు కాబట్టి మిల్లు గుడ్డ, పాలిస్టర్ వచ్చాయి. పోగులు లెక్కపెట్టడానికి వీలుగా పైన జాలీ గుడ్డ వేసి కుట్టి, తర్వాత దాని పోగులు లాగేయడం అలవాటైంది. 1960ల తర్వాత నిలువుగా ఆరు పట్టీలున్న గౌను అన్ని ప్రాంతాలవారికీ ఉమ్మడిదైంది. ఊరి తీరు పోయి 'పాలస్తీనా థోబ్' అనే ఒకే వస్తువు తయారైంది ఇక్కడే. ఊరు పోయాక ఊరి గౌను మొత్తం దేశానికి గుర్తుగా మారింది.

మూడోది జీతానికి కుట్టడం. 1950లో గాజాలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఆధ్వర్యంలో సులాఫా అనే కుట్టు కేంద్రం మొదలైంది. రమల్లా పక్కనున్న అల్ బిరెలో సమీహా ఖలీల్ 1965లో ఇనాష్ అల్ ఉస్రా సంఘం స్థాపించారు. లెబనాన్ శిబిరాల్లో 1969లో ఇనాష్ అనే మరో సంఘం పుట్టింది. తన పెళ్లికి కుట్టుకునే పిల్ల స్థానంలో, ఎవరి పెళ్లికో ముక్కల లెక్కన కుట్టే కూలి మనిషి వచ్చింది.

1967 యుద్ధంలో ఆక్రమించిన వెస్ట్ బ్యాంక్, గాజాల్లో పాలస్తీనా జెండాను బహిరంగంగా చూపడాన్ని ఇజ్రాయెల్ నిషేధించింది. 1987 డిసెంబరులో తొలి ఇంతిఫాదా, అంటే ఆక్రమణమీద పాలస్తీనీయుల తిరుగుబాటు, మొదలయ్యాక, పల్లె ఆడవారు జెండా రంగులను, దేశపటాన్ని, జెరూసలేంలోని బంగారు గుమ్మటాన్ని క్రాస్ స్టిచ్‌లో తమ గౌన్లమీదే కుట్టుకున్నారు. చేతిలో జెండా ఉంటే లాక్కోవచ్చు, ఒంటిమీది గౌనును లాగేయడం ఏ సైనికుడికైనా ఇబ్బందే. వీటిని ఇంతిఫాదా గౌన్లు అంటారు. చిత్రకారులు, ముఖ్యంగా స్లిమాన్ మన్సూర్ వంటివారు, థోబ్ కట్టిన స్త్రీని నేలతల్లిగా గీయడం అప్పటికే స్థిరపడింది. బొమ్మలో ఆమె నేలతల్లి అయినా కుట్టు కేంద్రంలో ఆమెకు దక్కేది ముక్కకింత కూలే అని స్త్రీవాద విమర్శకులు ఎత్తిచూపారు. ఆ విమర్శకు గట్టి జవాబు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఎంత పాతది, ఎవరిది?

ముందు వయసు సంగతి. చేతికందే గౌన్లన్నీ దాదాపుగా 19వ శతాబ్దంవీ ఆ తర్వాతివీ. గుడ్డ పుచ్చిపోతుంది, చిరిగితే అతుకుగా మారుతుంది. కాబట్టి అంతకుముందు లేవని చెప్పడానికి ఇది రుజువు కాదు. హనాన్ మునయ్యర్ వంటి సేకర్తలు కనానీయుల నాటి శిల్పాలు, బొమ్మల్లోని వస్త్రాలతో పోలికలు చూపి వేల ఏళ్ల కొనసాగింపు ఉందంటారు. అనుమానించేవారు ఎనిమిది మూలల నక్షత్రం, చెట్టు, త్రికోణం ప్రపంచంలో ఎక్కడ పోగులు లెక్కపెట్టి కుట్టినా వస్తాయని, పోలిక వేరు వారసత్వం వేరు అని గుర్తుచేస్తారు. మనం చూస్తున్న ఊరి తీరులకు గట్టి ఆధారం సుమారు రెండు వందల ఏళ్లకే ఉంది. అంతకు వెనుక ఉన్నది సాధ్యమే, కానీ నిరూపణ కాలేదు.

ఇక ఎవరిదన్న ప్రశ్న. జోర్డాన్, సిరియా, సీనాయి పల్లెల్లోనూ ఇలాంటి గౌన్లున్నాయి. ఇప్పటి సరిహద్దులు గీయకముందు ఆ నేలమీద నమూనాలు స్వేచ్ఛగా తిరిగాయి. ఇజ్రాయెల్‌లో రూత్ దయాన్ 1954లో స్థాపించిన మస్కిత్ ఫ్యాషన్ సంస్థ యెమెన్ తదితర దేశాల యూదు వలసవారితోపాటు అరబ్ స్త్రీల కుట్టునూ ఆధునిక దుస్తుల్లో వాడింది. కొందరికి అది చేతిపనివారికి బతుకుతెరువు. మరికొందరికి అది కుట్టును ఉంచుకుని కుట్టినవారి పేరు తీసేయడం. రహత్ ఫొటోల గొడవలో కూడా ఇలాంటి మెలికే ఉంది. రహత్ వాసులు ఇజ్రాయెల్ పౌరసత్వం ఉన్న అరబ్ బెదూయిన్లు. అతిథులకు తమ ఇంటి బట్ట కట్టించడంలో వారికి తప్పు కనబడి ఉండకపోవచ్చు. విమర్శకుల కోపం వారిమీద కాదు, ఆ బట్టను ఇజ్రాయెల్ పర్యటన అనుభవంగా చూపిన ప్రచారంమీద.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలగాపులగం అవుతుంటాయి. క్రాస్ స్టిచ్‌ను ఎవరు కనిపెట్టారన్నది ఒకటి. ఫలానా ఊరి ఆడవారు కుట్టిన వస్తువుకు ఆ ఊరి పేరు ఉండాలా వద్దా అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు లేదు, అవసరమూ లేదు. రెండోదానికి జవాబు చెప్పడం అంత కష్టం కాదు. యునెస్కో జాబితా కూడా ఇందులో తీర్పరి కాదు. ఒక సమాజం ఒక ఆచారాన్ని బతికించుకుంటోందని అది గుర్తిస్తుంది. అది మన జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపులా పేరును వాడుకునే హక్కు ఇవ్వదు, ఇతరులను ఆపదు.

ఇప్పటి పెళ్లిలో

నేటి పాలస్తీనా పెళ్లికూతురు పెళ్లిరోజున ఎక్కువగా యూరప్ పద్ధతి తెల్ల గౌనే వేసుకుంటుంది. థోబ్‌కు మిగిలింది గోరింటాకు రాత్రి. అక్కడ అవ్వ గౌను వేసుకునేవారున్నారు, అద్దెకు తెచ్చుకునేవారున్నారు, డిజైనర్ దగ్గర కొత్తగా కుట్టించుకునేవారున్నారు. తెల్ల గౌనుకే ఎదమీద ఎర్ర తత్రీజ్ పట్టీ వేయించుకునేవారూ కనబడుతున్నారు.

చేతికుట్టు థోబ్‌కు నెలల పని పడుతుంది. కంప్యూటర్ యంత్రం అదే నమూనాను గంటల్లో దించేస్తుంది. యంత్రపు గౌన్లు వచ్చాక థోబ్ కొనగలిగినవారి సంఖ్య పెరిగింది, చేతికుట్టు కూలి మీద ఒత్తిడీ పెరిగింది. యంత్రపు గౌను నకిలీ అని చేతిపనివారు అంటారు. జీతం చాలని ఇంటి పిల్లకు గోరింటాకు రాత్రి థోబ్ దక్కనివ్వరా అని కొనేవారు అడుగుతారు. తేడా పట్టాలంటే గౌనును తిరగేసి చూడాలి. యంత్రపు కుట్టులో వెనుకవైపు సన్నని వేరే దారం ఒకే తీరుగా పరుచుకుని ఉంటుంది, చాలాసార్లు కింద కాగితంలాంటి అస్తరు ఉంటుంది. చేతికుట్టులో ముందున్న దారమే వెనుకా ఉంటుంది.

పాత గౌన్ల విషయంలో ఇంకో తగువు నడుస్తోంది. చిరిగిన జిల్లాయెలను కోసి ఎద ముక్కలను దిండు గలీబులుగా, సంచులుగా అమ్మే వ్యాపారం దశాబ్దాలుగా ఉంది. కోసేశాక అది ఎవరిదో, ఏ గౌనులోదో చెప్పే ఆధారం పోతుందని సేకర్తల గోల. గుడ్డ శిథిలమయ్యాక ఎద ముక్కను వేరే చోట అతికించుకోవడం కుట్టినవారి పద్ధతేగా అని వ్యాపారుల సమాధానం. తుల్కరెమ్‌లో పుట్టి బెత్లెహేమ్‌లో పెరిగిన విదాద్ కవార్ ఈ గొడవలో సేకర్తల పక్షం. శిబిరాల్లో తిరిగి కొన్న గౌనుకల్లా దాన్ని కుట్టిన స్త్రీ ఎవరు, ఎప్పుడు వేసుకుంది, ఎందుకు అమ్ముతోంది అని అడిగి రాసుకుంటూ వచ్చారామె. ఆ సేకరణకు 2015లో అమ్మాన్‌లో తిరాజ్ అనే కేంద్రం ఏర్పడింది. పరిశోధకులు ఇప్పుడు అక్కడికి వెళ్లేది గౌన్ల కోసం ఎంతో, గౌన్లతోపాటు ఉన్న ఆ రాతల కోసమూ అంతే.